బీఏలో మేజర్ ఎలా ఎంచుకోవాలి? ఇంటర్ పిల్లలకూ, వాళ్ల ఇంట్లోవాళ్లకూ

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి మా డిగ్రీ కాలేజీ హెల్ప్‌డెస్క్ దగ్గర ఏటా వినే మాట ఒకటుంది. "మేడమ్, బీఏలో ఏదో ఒకటి పెట్టేయండి." ఇంజినీరింగ్‌కి వెళ్లే పిల్లాడు సీఎస్‌ఈనా, ఈసీఈనా అని నెల రోజులు తర్జనభర్జన పడతాడు. చుట్టాల్లో సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ప్రతి అన్నయ్యకీ ఫోన్లు వెళ్తాయి. అదే బీఏ అయితే మూడేళ్లో నాలుగేళ్లో చదవాల్సిన ప్రధాన సబ్జెక్టుని, అంటే మేజర్‌ని, ఐదు నిమిషాల్లో తేల్చేస్తారు. నేను పొలిటికల్ సైన్స్ చెబుతాను. ఆ ఐదు నిమిషాల తొందర తర్వాత ఎంత ఖర్చు పెట్టిస్తుందో నా క్లాసుల్లోనే చూశాను, నా సొంత చదువులోనూ చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

లిబరల్ ఆర్ట్స్ అని ఈమధ్య ప్రైవేటు యూనివర్సిటీల ప్రకటనల్లో కనిపిస్తున్న మాటకి మన దగ్గర పాత పేరు బీఏనే. చరిత్ర, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, సోషియాలజీ, సైకాలజీ, సాహిత్యం, భాషలు, ఫిలాసఫీ, ఆంత్రోపాలజీ, జాగ్రఫీ, జర్నలిజం అన్నీ ఈ గొడుగు కిందకే వస్తాయి. ఒక విషయం ముందే చెప్పేస్తాను. బీటెక్‌లాగా బీఏకి క్యాంపస్ ప్లేస్‌మెంట్ల వరుస ఉండదు. మొదటి జీతం తక్కువగా ఉండొచ్చు, మంచి ఉద్యోగాల్లో చాలావాటికి పీజీ కావాలి. ఇది తెలిసి వచ్చినవాళ్లు బాగా నిలబడతారు. ఏ సీటూ రాక వచ్చినవాళ్లు మొదటి ఏడాదంతా బెంగలో పోగొట్టుకుంటారు.

మొదటి అడుగు: మీ దగ్గరికి జనం ఏ పని మీద వస్తున్నారో చూసుకోండి

"నీకు ఏ సబ్జెక్టంటే ఇష్టం?" అని అడగడం నేను మానేశాను. పదిహేడేళ్ల పిల్లలకి ఇష్టం అంటే, ఆ సబ్జెక్టు చెప్పిన సారు బాగా చెప్పారనో, అందులో మార్కులు బాగా పడ్డాయనో అర్థం. అది తప్పేం కాదు గానీ, దాని మీద మేజర్ ఎంచుకోలేం.

ఒక జూన్‌లో సీఈసీ చదివిన అమ్మాయి వచ్చింది. హాల్‌టికెట్ జిరాక్స్ వెనక వరసగా కాలేజీల పేర్లు రాసుకుంది. అన్నిటికీ ఎదురుగా ఒకటే: హెచ్‌ఈపీ (హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్). ఎందుకని అడిగితే "మా పెద్దమ్మ కూతురు అదే చదివింది మేడమ్" అంది. సెలవుల్లో ఏం చేశావమ్మా అన్నాను. కాసేపు ఆలోచించి, "ఊళ్లోవాళ్లకి అర్జీలు రాసిపెట్టాను. పాస్‌బుక్‌లో పేరు తప్పు పడినవాళ్లు, పింఛను ఆగిపోయినవాళ్లు మా ఇంటికే వస్తారు" అంది. ఒక అర్జీ ఫోటో ఫోన్లో చూపించింది. సర్వే నంబరు, విస్తీర్ణం, ఎప్పుడు దరఖాస్తు ఇచ్చారు, ఎవరు తిప్పి పంపారు అన్నీ తేదీల వరసలో ఉన్నాయి. ఒక్క అనవసరమైన మాట లేదు. ఆ కాగితం చూశాక ఆ అమ్మాయికి పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, ఆ తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ గురించి చెప్పడం నాకు చాలా తేలికైంది.

మీరూ అలా గుర్తు చేసుకోండి. ఇంట్లో లెక్కలు మీ చేతికిస్తారా? గొడవ పడ్డ ఫ్రెండ్స్ ఇద్దరూ మీకే ఫోన్ చేస్తారా? గుడి దగ్గరి శాసనం రాయి ముందు మీరొక్కరే ఆగి అక్షరాలు కూడబలుక్కుంటారా? తెలుగులో వచ్చిన మెసేజ్‌ని ఇంగ్లిష్‌లో రాసిపెట్టమని చుట్టాలు మీకే పంపిస్తారా? ఎవరూ చెప్పకుండానే మీరు చేస్తున్న పని ఏదో ఒక కాగితం మీద రాయండి. రెండు మూడు వాక్యాలు చాలు.

రెండో అడుగు: సబ్జెక్టు పేరు పక్కన పెట్టి, రోజూ చేసే పని చూడండి

ఎకనామిక్స్. పేరు చూసి చాలామంది వ్యాపారం అనుకుంటారు. పై తరగతుల్లో ఎకనామిక్స్ అంటే లెక్కలు, స్టాటిస్టిక్స్. ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్‌కి సీయూఈటీలో (సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) మ్యాథ్స్ పేపరు రాయాలి. ఎంఈసీ, ఎంపీసీ పిల్లలకి ఇది మంచి దారి. హెచ్‌ఈసీ నుంచి వచ్చి ఎకనామిక్స్‌లోనే పైకి వెళ్లాలనుకుంటే మొదటి ఏడాది నుంచే మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ వేరుగా నేర్చుకోవాలి. పీజీ తర్వాత యూపీఎస్‌సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ ఉంది, బ్యాంకులు, పరిశోధన సంస్థలు, కంపెనీల్లో డేటా అనలిస్టు ఉద్యోగాలు ఉన్నాయి. బీఏ సబ్జెక్టుల్లో జీతం త్వరగా పెరిగే దారి ఇదేనని నా అభిప్రాయం. లెక్కలంటే టెన్షన్ పడేవాళ్లు మాత్రం ఆ మాట విని ఇందులోకి దూకొద్దు.

చరిత్ర. తేదీలు బట్టీ పట్టడం ఇంటర్‌తో అయిపోతుంది. డిగ్రీలో ఆధారం చదవడం మొదలవుతుంది. కడప జిల్లా కలమళ్లలో ఉన్న రేనాటి చోళుల శాసనం తెలుగులో దొరికిన తొలి శాసనాల్లో ఒకటి, క్రీ.శ. 575 నాటిదని చెబుతారు. ఆ కాలం ఎలా తెలిసింది, లిపిని బట్టా, రాజు పేరుని బట్టా? ఈ ప్రశ్న దగ్గర మీకు ఆసక్తి పుడితే చరిత్ర మీది. ఆర్కియాలజీ, మ్యూజియాలు, ఆర్కైవ్స్, టూరిజం, టీచింగ్, పోటీ పరీక్షలు దీని దారులు. ఆర్కియాలజీకి పీజీ తప్పదు, పోస్టులు తక్కువ. సంస్కృతం, ప్రాకృతం, పాత తెలుగు లిపి, వీటిలో ఒకటైనా వచ్చినవాళ్లకి పోటీలో పైచేయి ఉంటుంది.

సైకాలజీ. ఈ అయిదారేళ్లలో పిల్లలు ఎక్కువగా అడుగుతున్నది ఇదే, ఎక్కువ అపోహలున్నదీ ఇందులోనే. బీఏ సైకాలజీ పాసై క్లినిక్ పెట్టడం కుదరదు. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే పీజీ చేయాలి, ఆపైన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేసి అక్కడ రిజిస్టర్ కావాలి. ఆ కోర్సు సీట్లు తక్కువ. అంత దూరం వెళ్లనివాళ్లకి స్కూల్ కౌన్సెలింగ్, హెచ్‌ఆర్, ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు, యాప్ వాడేవాళ్లు ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో కనిపెట్టే యూఎక్స్ రీసెర్చ్ ఉన్నాయి. ప్రత్యేక విద్యలో శిక్షణకి సికింద్రాబాద్‌లో ఎన్ఐఈపీఐడీ అనే జాతీయ సంస్థ ఉంది. ఇంకొకటి, సైకాలజీలో స్టాటిస్టిక్స్ పేపర్లు ఉంటాయి. లెక్కలు తప్పించుకోవడానికి ఇందులోకి వచ్చి ఇబ్బంది పడినవాళ్లున్నారు.

సోషియాలజీ, ఆంత్రోపాలజీ, సోషల్ వర్క్. మనుషుల మధ్య కూర్చుని వినడం, రాసుకోవడం ఇక్కడి పని. తర్వాత ఎంఎస్‌డబ్ల్యూ గానీ ఎంఏ గానీ చేసి స్వచ్ఛంద సంస్థలు, కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) విభాగాలు, ఆస్పత్రులు, సర్వే సంస్థల్లోకి వెళ్తారు. హైదరాబాద్‌లో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) క్యాంపస్, బేగంపేటలోని సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం), రాజేంద్రనగర్‌లోని ఎన్ఐఆర్‌డీ (జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ) ఈ రంగానికి తెలిసిన చిరునామాలు. తిరుగుడు ఎక్కువ, ప్రాజెక్టు అయిపోతే కాంట్రాక్టూ అయిపోతుంది. ఊళ్లు తిరగడం ఇష్టం లేనివాళ్లకి ఇది చెప్పను.

సాహిత్యం, భాషలు. హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) ఉండడం మన పిల్లలకి పెద్ద వరం. ఇంగ్లిష్‌తో పాటు ఫ్రెంచ్, జర్మన్, జపనీస్, స్పానిష్, రష్యన్, అరబిక్ అక్కడ డిగ్రీ స్థాయిలో చదవొచ్చు. విదేశీ భాషలో లెవెల్ సర్టిఫికెట్ చాలా ముఖ్యం. జపనీస్ పరీక్షల్లో ఎన్5 మొదటి మెట్టు, ఎన్1 చివరిది. ఎన్5 దగ్గర ఆగిపోయినవాళ్లకి ఉద్యోగం రావడం కష్టం. ఎన్2 దాకా వెళ్లినవాళ్లని కంపెనీలు వెతుక్కుంటాయి. తెలుగు మేజర్ గురించి చులకనగా మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లతో నేను ఒప్పుకోను. టీచింగ్, పత్రికలు, టీవీ, అనువాదం, సబ్‌టైటిళ్లు, డబ్బింగ్ మాటలు, ఓటీటీల పని అందులో ఉన్నాయి. తప్పు లేకుండా నాలుగు పేరాలు తెలుగు రాయగలిగే కుర్రాళ్లు దొరకడం లేదని ఎడిటర్లు వాపోవడం నేను స్వయంగా విన్నాను. ఏఐ కంపెనీలకి తెలుగు వాక్యాలు సరిచూసే పనీ వస్తోంది. అది ఎక్కువగా కాంట్రాక్టు పని కాబట్టి చదువుకుంటూ చేయడానికి సరే, దాన్నే నమ్ముకోవద్దు.

పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ గురించి నేను చెబితే నా సబ్జెక్టని పొగిడినట్టుంటుంది. లా, గ్రూప్స్, జర్నలిజం, ఎన్నికల సర్వేలు, ఎమ్మెల్యే, ఎంపీల ఆఫీసుల్లో పరిశోధన పని దీని దారులు.

ఎంపీసీ చదివి, భాష మీదో సమాజం మీదో మనసున్న పిల్లలకి ఒక మాట. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్స్‌తో పాటు భాషాశాస్త్రాన్ని గానీ, మానవీయ శాస్త్రాలను గానీ కలిపి చదివే డ్యూయల్ డిగ్రీలున్నాయి. ఇంట్లో బీటెక్ పట్టు ఉన్నచోట ఇది మంచి రాజీ మార్గం.

మూడో అడుగు: నోటిఫికేషన్ వైపు నుంచి వెనక్కి రండి

అందరూ వదిలేసేది ఈ అడుగే. నేనూ వదిలేశాను. డిగ్రీలో హెచ్‌ఈపీ తీసుకున్నాను. నాకు ఇంగ్లిష్ ప్రాణం, మంచి మార్కులొచ్చేవి. బీఎడ్ చేశాను. స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ పోస్టుల నోటిఫికేషన్ చూసినప్పుడు గానీ తెలియలేదు, డిగ్రీలో అందరికీ ఉండే జనరల్ ఇంగ్లిష్ దానికి లెక్కలోకి రాదని. ఇంగ్లిష్ మెయిన్‌గా గానీ ఆప్షనల్‌గా గానీ చదివుండాలి, లేదా ఎంఏ ఇంగ్లిష్ ఉండాలి. బీఎడ్‌లో మెథడాలజీ కూడా ఇంగ్లిషే కావాలి. ఆ సాయంత్రం నోటిఫికేషన్ ప్రింటవుట్ పట్టుకుని బస్టాండులో కూర్చుండిపోయాను. నన్నెవరూ మోసం చేయలేదు, ఆ లైను డిగ్రీలో చేరకముందు కూడా అక్కడే ఉంది. నేను చదవలేదంతే. తర్వాత నా సబ్జెక్టులోనే పీజీ చేసి ఇటొచ్చాను, బాగానే ఉన్నాను. మీరు మాత్రం ఆ బస్టాండులో కూర్చోవద్దు.

కాబట్టి మీరు అనుకుంటున్న ఉద్యోగాలు రెండో మూడో తీసుకోండి. ఒక్కోదానికి చివరిసారి వచ్చిన నోటిఫికేషన్ పీడీఎఫ్ దించుకుని, అందులో విద్యార్హతలు అన్న పేజీ తెరవండి. "ఏదైనా డిగ్రీ" అని ఉంటే మీ మేజర్ అడ్డు కాదు. సివిల్స్, గ్రూప్-1, గ్రూప్-2, బ్యాంక్ పీఓ, ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌లో చాలా పోస్టులు, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి లాసెట్, ఎంబీఏకి క్యాట్ ఇలాంటివే. సబ్జెక్టు పేరు రాసి ఉంటే ఆ పేరు మీ మెమోలో ఉండాల్సిందే. టీచర్ పోస్టులు, జూనియర్ లెక్చరర్, ఎకనామిక్ సర్వీస్, క్లినికల్ సైకాలజీ ఈ కోవలోవి. ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ కావాలనుకునేవాళ్లు సీడీఎస్ (సైనిక దళాల ఆఫీసర్ల కోసం యూపీఎస్‌సీ పెట్టే పరీక్ష) అర్హతలు తప్పక చూడాలి. ఆర్మీకి ఏ డిగ్రీ అయినా చాలు గానీ ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ అడుగుతారు, ఇంజినీరింగ్ వాళ్లయితే తప్ప.

సివిల్స్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. బీఏలో చేరే సగం మంది నోట ఆ మాటే వస్తుంది కాబట్టి. మెయిన్స్‌లో ర్యాంకుకి లెక్కించే రాత మార్కులు 1750. అందులో ఆప్షనల్ సబ్జెక్టు రెండు పేపర్లూ కలిపి 500. డిగ్రీ మేజరే ఆప్షనల్‌గా తీసుకోవాలన్న నియమం లేదు. 2017 పరీక్షలో దేశంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న మెట్‌పల్లి వాసి దురిశెట్టి అనుదీప్ బిట్స్ పిలానీలో ఇంజినీరింగ్ చదివి, ఆంత్రోపాలజీ ఆప్షనల్‌గా రాశారు. 2016 పరీక్షలో మూడో ర్యాంకు వచ్చిన శ్రీకాకుళం జిల్లా రోణంకి గోపాలకృష్ణ తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకున్నారు. కాబట్టి సివిల్స్ కోసమే ఫలానా మేజర్ అని బలవంతంగా తీసుకోవాల్సిన పని లేదు. ఆ పరీక్ష రాకపోయినా బతుకుతెరువు ఇచ్చే మేజర్ తీసుకోండి. ఎంత చదివినా రానివాళ్లే ఎక్కువమంది. ఈ మాట పిల్లల ముందు అనడానికి నాకు మనసొప్పదు, అయినా అంటాను.

నాలుగో అడుగు: పదిహేను రోజుల పరీక్ష

ఇప్పటికి మీ కాగితం మీద రెండు సబ్జెక్టులు మిగిలుంటాయి. చేరబోయే యూనివర్సిటీ వెబ్‌సైట్ నుంచి ఆ రెండింటి సిలబస్ తీయండి. మొదటి సెమిస్టర్ చూడొద్దు, అందులో అన్నీ తేలిగ్గానే ఉంటాయి. ఐదో సెమిస్టర్‌లో ఒక యూనిట్ ఎంచుకుని లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చుకోండి. ఒక్కోదానికి వారం రోజులు, రోజుకి గంట. చివర్లో పాత ప్రశ్నపత్రంలో ఒక పది మార్కుల ప్రశ్నకి పుస్తకం మూసి జవాబు రాయండి.

జవాబు బాగా రాకపోయినా కంగారు పడకండి, మీరింకా చేరలేదు కదా. గమనించాల్సింది ఒకటే. ఏ సబ్జెక్టు పుస్తకం గంట దాటాక కూడా మూయకుండా ఉన్నారు? విసుగొచ్చినా మళ్లీ తెరిచింది ఏది? అది మీ మేజర్. రెండోది మైనరో (మేజర్ పక్కన చదివే రెండో సబ్జెక్టు), కాంబినేషన్‌లో ఒకటో అవుతుంది.

ఐదో అడుగు: ఎక్కడ, ఏ తలుపు నుంచి

తెలంగాణలో డిగ్రీ సీట్లు చాలావరకు దోస్త్ అనే ఆన్‌లైన్ అడ్మిషన్ల విధానం ద్వారానే. కొన్ని కాలేజీలు బయట సొంతంగా చేర్చుకుంటాయి, వాటికి విడిగా దరఖాస్తు పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ అడ్మిషన్ల ద్వారా. అక్కడ 2023-24లో పాత మూడు సబ్జెక్టుల పద్ధతి పోయి సింగిల్ మేజర్ వచ్చింది. దీంతో ఆంధ్రలో చేరేవాళ్లు మేజర్ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి, మైనర్ ఏమిస్తున్నారో కూడా ముందే అడగాలి. నిబంధనలు మారుతుంటాయి, ఆ ఏడాది నోటిఫికేషనే ప్రమాణం.

సెంట్రల్ యూనివర్సిటీల తలుపు సీయూఈటీ, 2022లో మొదలైంది. హెచ్‌సీయూలో (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ) ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ, ఇఫ్లూ, ఢిల్లీ యూనివర్సిటీ ఇందులోకి వస్తాయి. ప్రశ్నపత్రం తెలుగులోనూ తీసుకోవచ్చు. మన పిల్లలు ఇక్కడ పోగొట్టుకునేది తెలివి లేక కాదు, తేదీ తెలియక. ఇంటర్ ఫలితాలు వచ్చాక చూద్దాంలే అనుకునేసరికి దరఖాస్తు గడువు అయిపోయి ఉంటుంది. ఇంటర్ సెకండియర్ జనవరి నుంచే వెబ్‌సైట్ చూస్తుండండి. ఏ యూనివర్సిటీ ఏ కోర్సుకి ఏ పేపర్లు అడుగుతుందో చూసుకుని ఆ పేపర్లే పెట్టండి.

ప్రైవేటులో అశోక, అజీమ్ ప్రేమ్‌జీ, మన శ్రీసిటీలోని క్రియా లాంటివి ఉన్నాయి. ఫీజు లక్షల్లో ఉంటుంది. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఆర్థిక సాయం చేస్తాయి కాబట్టి అంకె చూసి వెనక్కి తగ్గకుండా సాయానికి దరఖాస్తు పెట్టి చూడండి. సాయం రాకపోతే అప్పు చేసి మాత్రం వెళ్లొద్దు. ఒక బీఏ కోసం పొలం తాకట్టు పెట్టడం నాకు సమ్మతం కాదు.

మూడేళ్లా, నాలుగేళ్లా అన్న ప్రశ్న వస్తుంది. నాలుగేళ్ల ఆనర్స్ పరిశోధన వైపు వెళ్లేవాళ్లకి ఉపయోగం. అందులో 75 శాతం మార్కులొస్తే పీజీ లేకుండానే పీహెచ్‌డీ కోసం నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాయొచ్చని యూజీసీ 2024లో చెప్పింది. బీఎడ్, లా, గ్రూప్స్ వైపు వెళ్లేవాళ్లకి మూడేళ్లు చాలు.

అమెరికా వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క ముక్క. అక్కడ సాధారణంగా రెండో ఏడాది చివరికి మేజర్ ప్రకటిస్తారు. చదువు తర్వాత పని చేసుకోనిచ్చే ఓపీటీ ఏడాదే. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉన్న కోర్సుకైతే ఇంకో 24 నెలలు అడగొచ్చు. ఒకే ఎకనామిక్స్ కొన్ని యూనివర్సిటీల్లో మామూలు ఎకనామిక్స్ కోర్సు కోడ్ కింద, కొన్నిచోట్ల ఎకనోమెట్రిక్స్ కోడ్ కింద ఉంటుంది. రెండోది స్టెమ్. చేరేముందు ఆ కోడ్ అడిగి తెలుసుకోండి.

ఆరో అడుగు: మేజర్ పక్కన చేతిలో ఒక పని

బీఏ మెమో చూపిస్తే "సరే, ఏం చేయగలవు?" అని అడుగుతారు. జవాబుగా మాటలు కాకుండా ఒక కాగితమో, లింకో చూపించగలగాలి. దీనికి డబ్బు అక్కర్లేదు. ఎకనామిక్స్, సోషియాలజీ వాళ్లు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమ జిల్లా ఫ్యాక్ట్‌షీట్ దించుకోండి, ఐదో విడత 2019-21లో జరిగింది. అందులో రక్తహీనత, బాల్యవివాహాలు, ఆస్పత్రి కాన్పుల అంకెలు పక్క జిల్లాతో పోల్చి ఎక్సెల్‌లో పట్టిక వేసి, రెండు పేజీలు రాయండి. మా కాలేజీలో ఒక కుర్రాడు ఇదే చేసి, ఆ అంకెలతో ఏఎన్ఎం దగ్గరికి వెళ్లి "మన మండలంలో ఇలాగే ఉందా అక్కా?" అని అడిగి, ఆవిడ చెప్పింది కూడా చేర్చాడు. ఆ రెండు పేజీలే అతనికి మొదటి సర్వే పని ఇప్పించాయి. సాహిత్యం వాళ్లు తెలుగు వికీపీడియాలో వ్యాసాలు రాయొచ్చు, ప్రతి మార్పూ మీ పేరు మీద కనిపిస్తుంది. చరిత్ర వాళ్లు ఊరి గుడి, కోట, చెరువు గురించి ఫోటోలతో నివేదిక తయారుచేయొచ్చు. ఏ మేజర్ అయినా ఎక్సెల్, ఇంగ్లిష్‌లో ఒక పేజీ తప్పుల్లేకుండా రాయడం, ఈ రెండూ డిగ్రీ అయ్యేలోగా రావాలి.

ఏడో అడుగు: ఇంట్లో చెప్పడం, చేరడం

నాన్నతో వాదనకి దిగొద్దు. ఒక తెల్లకాగితం తీసుకుని మేజర్, దాని తర్వాత పీజీ గానీ శిక్షణ గానీ ఎన్నేళ్లు, మొత్తం ఖర్చు, మొదటి దారి కుదరకపోతే రెండో దారి రాసి ముందు పెట్టండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ కాలేజీకి వర్తిస్తుందో లేదో కనుక్కుని అదీ రాయండి. పెద్దవాళ్ల భయం సబ్జెక్టు గురించి కాదు, పిల్ల దగ్గర లెక్క లేదేమోనని.

వెబ్ ఆప్షన్లు నెట్ సెంటర్ వాళ్లకి వదిలేయకుండా పక్కన కూర్చుని పెట్టించండి, వరస నంబరుతో సహా ప్రింట్ తీసుకోండి. ఒక కాలేజీలో రెండు కాంబినేషన్లకి కోడ్‌లు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఒక్క క్లిక్కుతో మారిపోతాయి. సెంట్రల్ యూనివర్సిటీ సీట్లు తరచుగా మన దగ్గర క్లాసులు మొదలయ్యాక వస్తాయి. అందుకని ఇక్కడ చేరేటప్పుడే, మధ్యలో వెళ్లిపోతే ఒరిజినల్స్ ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఫీజు ఎంత వెనక్కి వస్తుంది అని ఆఫీసులో అడిగి రాయించుకోండి. టీసీ, ఇంటర్ మెమో, స్టడీ సర్టిఫికెట్లు ఇచ్చేసేముందు కనీసం మూడు సెట్లు జిరాక్స్, ఫోన్లో ఒక స్కాన్. చేరాక మేజర్ నప్పలేదనిపిస్తే మొదటి నెలలోనే ప్రిన్సిపాల్‌కి అర్జీ పెట్టండి, సబ్జెక్టు మార్చుకోవడానికి గడువు చాలా కొద్ది రోజులే ఉంటుంది.